బెళ్లందూరులో నురగ తగ్గింది, మరి దక్షిణ పినాకిని బాగుపడినట్టేనా?

వర్తూరు వాసి:
2015లో, 2017లో మా బెంగళూరులోని బెళ్లందూరు చెరువు మీద మంటలు లేచాయి. తర్వాత మురుగు శుద్ధి కేంద్రాలు పెరిగాయి, పూడిక తీశారు. నురగ ఎగిరి రోడ్డు మీద పడటం తగ్గింది. ఇంకా నది చచ్చిపోయిందనే అంటారేం? జరిగిన పనిని ఒప్పుకోవాలి కదా.

హోసూరు రైతుబిడ్డ:
ఒప్పుకుంటామండీ. కానీ మీ చెరువులు దాటిన నీళ్లు దక్షిణ పినాకిని నదిలో కలిసి తమిళనాడులోని మా కెలవరపల్లి డ్యాముకే వస్తాయి. గట్టి వాన పడి గేట్లు ఎత్తితే ఇక్కడ నురగ గుట్టలుగా లేస్తుంది.

నీళ్ల లెక్కలు:
వర్తూరు వాసి గారూ, నురగ చూసి నదిని అంచనా వేయడమే నాకు నచ్చలేదు. నురగకు ముఖ్య కారణం డిటర్జెంట్లు. ఎక్కువకాలం హాని చేసే నత్రజని, భాస్వరం కంటికి కనబడవు. మురుగుకు చేసే మామూలు రెండో దశ శుద్ధిలో బీఓడీ (నీళ్లలోని కుళ్లే పదార్థం ఎంత ఆక్సిజన్ తినేస్తుందో చెప్పే కొలత) బాగా తగ్గుతుంది, గాలి బాగా అందిస్తే అమ్మోనియా నైట్రేటుగా మారుతుంది. రిపోర్టులో అమ్మోనియా తగ్గినట్టే ఉంటుంది, నత్రజని మాత్రం చాలావరకు నీళ్లలోనే ఉంటుంది. భాస్వరం తీయడానికి వేరే ఏర్పాటు కావాలి. గుర్రపుడెక్క అంత ఏపుగా పెరిగేది ఈ రెండింటి బలంతోనే.

చెరువు అడుగు బురద సంగతి ఇంకా పెద్దది. ఏళ్ల తరబడి చేరిన భాస్వరం అక్కడ ఇనుముతో కలిసి ఉంటుంది. అడుగున ఆక్సిజన్ అయిపోతే మళ్లీ నీళ్లలోకి వస్తుంది. మురుగు ఇవాళే ఆపినా కొన్నేళ్లు అలా ఊరుతూనే ఉంటుంది. అందుకే పూడికతీత నిజంగా విలువైన పని.

పైగా 2024 అక్టోబరులో బెంగళూరుకు తాగునీరిచ్చే కావేరి పథకం ఐదో దశ మొదలైంది. దాని సామర్థ్యం రోజుకు 77.5 కోట్ల లీటర్లు. ఇచ్చిన నీళ్లలో దాదాపు 80 శాతం మురుగవుతుందని ఇంజినీర్లు లెక్క వేస్తారు. (అంతా బెళ్లందూరు వైపే రాదు, కొంత వృషభావతి నది వైపు పోతుంది.) లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములు అనే అంకె తగ్గినా, ప్రవాహం పెరిగితే కిందికి పోయే మొత్తం భాస్వరం పెరగొచ్చు.

వర్తూరు వాసి:
నెలనెలా పరీక్షలు చేస్తున్నారు కదా?

నీళ్ల లెక్కలు:
నెలకొక సీసా నీళ్లతో, భాస్వరాన్ని మోసుకుపోయే బురద లెక్క తేలదండీ. ఏడాదిలో కదిలే బురదలో పెద్ద వాటా కొద్దిరోజుల వరదలోనే పోతుంది. ఆ రోజుల్లో నమూనా తీయాలి, అదే చోట ప్రవాహమూ కొలవాలి. పదేళ్లపాటు ఒకే పద్ధతిలో కొలిస్తే, వానలు బాగా పడిన ఏడాదిని, కరువు ఏడాదిని పోల్చి మాట్లాడొచ్చు.

హోసూరు రైతుబిడ్డ:
ఆ కొలత రాష్ట్ర సరిహద్దు దగ్గరే జరగాలి, రెండు రాష్ట్రాలవాళ్లూ కలిసి తీయాలి. లేకపోతే ఒకరి అంకెను ఇంకొకరు నమ్మరు.