పుట్టదా, పుట్టవా?

హనుమకొండ అక్క: రేపు మా పాపకు పద్యాల పోటీ. తల్లిదండ్రుల మీద దయలేని కొడుకు గురించిన వేమన పద్యంలో "పుట్టలోని చెదలు పుట్టదా గిట్టదా" అని నేర్పిన. వంటింట్లోంచి అత్తమ్మ "పుట్టవా గిట్టవా" అని దిద్దింది. ఏది కరెక్టు?

పరకాల మాస్టారు: చెదలు బహువచనం. పుట్టవా. అంతే.

కాజీపేట తమ్ముడు: అంతేనా సార్? దర్వాజకు చెదలు "పట్టింది" అంటాం గదా! ఒక్కో పురుగును ఎవరు లెక్కపెడతారు? నా ఓటు "దా"కే. గణాలతో తేల్చలేం, ఎటైనా ర గణమే.

నర్సంపేట మేడం: చిన్నపిల్లతో ఈ పద్యమేంటి? కొడుకును చెదపురుగుతో పోల్చడమా! వ్రీడ (సిగ్గు), జుగుప్స (రోత), అమంగళం మూడూ అశ్లీల దోషాలేనని ఆలంకారికులు ఊరికే అనలేదు.

పరకాల మాస్టారు: ఆ లెక్కన చెవిలోని జోరీగను కూడా తీసెయ్యాలి మేడం. తిట్టదలచుకున్నవాడికి రోత దోషం కాదు, సరుకు.

కాజీపేట తమ్ముడు: ఇందులో రోతెక్కడుంది? నాకైతే ఇవి ఉసిళ్లేమోనని అనుమానం. రెక్కలొచ్చిన చెదలే గదా! తొలి వానలకు పుట్టలోంచి లేస్తాయి, రాత్రంతా ట్యూబులైటు చుట్టూ తిరుగుతాయి, పొద్దున వాకిట్లో రెక్కలు ఊడ్చుకోవాలి.

పరకాల మాస్టారు: అవి చచ్చేది బయట. పద్యంలో ఉన్నది "పుట్టలోని".

జనగామ అన్న: రోత సంగతి పోతననడగండి, మా బమ్మెరాయనే. "కంజాక్షునకుఁ గాని కాయంబు కాయమే, పవనగుంఫిత చర్మభస్త్రి గాక". విష్ణువుకు పనికిరాని ఒళ్లు ఒళ్లే కాదు, గాలి నింపిన తిత్తి అని. అందరూ మందారమకరందం పాడి ఇది వదిలేస్తారు. చిన్నప్పుడు కమ్మరి కొలిమికాడ తిత్తి ఒత్తేవాణ్ని. ఒత్తినప్పుడల్లా ఉస్సుమని గాలి, వెంటే తోలు వాసన. చచ్చిన పశువు తోలు, ఊపిరి మాత్రం ఆడుతుంటది! పద్యం నాకు అక్కడే ఎక్కింది.

నర్సంపేట మేడం: సంస్కృతం కాబట్టి నడిచింది. "తోలుతిత్తి" అని ఉంటే ముక్కు మూసుకునేవారు.

జనగామ అన్న: తత్వాల్లో తోలుతిత్తి అనే పాడతారు మేడం. ఎవరూ ముక్కు మూసుకోగా చూడలేదు.

హనుమకొండ అక్క: పదకొండయింది. దా నా, వా నా?

కాజీపేట తమ్ముడు: దా.

పరకాల మాస్టారు: వా.

హనుమకొండ అక్క: "వా"నే ఖాయం చేస్తున్న సార్. మీ వ్యాకరణం కోసం కాదు, పొద్దున్నే అత్తమ్మతో చాయ్ తాగాల్సింది నేను.