'హార్మనీ'కి తెలుగు మాట: సామరస్యమా, మేళవింపా, వరుసా?

అనువాదశాల: పియానో రచన మీద ఒక వ్యాసం అనువాదంలో రెండు మాటల దగ్గర పని ఆగింది: మెలొడీ, హార్మనీ (ఒకేసారి మోగే స్వరాల కలయిక). మొదటిదానికి 'బాణీ', 'వరుస', పాత నాటకాల పాటల మీద కనిపించే 'వర్ణమెట్టు' ఉన్నాయి, ఏదైనా సరిపోతుంది. రెండోదానికి నిఘంటువులు 'సామరస్యం', 'స్వరసమ్మేళనం' అంటున్నాయి. మూలంలోని వాక్యం సారాంశం ఇదీ: మెలొడీ ఏదో చెబుతుంది, వినేవాడికి ఏమనిపించాలో హార్మనీ తేలుస్తుంది. 'సామరస్యం తేలుస్తుంది' అని రాస్తే శాంతి సంఘం తీర్మానంలా ఉంది. ఏమంటారు?

నిఘంటుప్రియ: 'సామరస్యం' వద్దండీ. సమరసం అంటే ఒకే రసం, గొడవ లేని స్థితి. గ్రీకులో 'హార్మోనియా'కు అసలర్థం అతుకు, రెండు పలకలు బిగిసిన చోటు. అది వడ్రంగి మాట, శాంతి మాట కాదు. మన 'పొందిక' దానికి దగ్గర. 'స్వరమేళనం'తో వేరే చిక్కు ఉంది. మేళం అనగానే సంగీతం తెలిసినవాళ్లకు 72 మేళకర్తలు, అంటే కర్ణాటక సంగీతంలో రాగాలకు మూలమైన స్వరవరుసలు గుర్తొస్తాయి. అక్కడ స్వరాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, ఇక్కడ ఒకేసారి మోగాలి. 'సంవాదం' కూడా కొంతవరకే పనికొస్తుంది. నాట్యశాస్త్రంలో 9 లేదా 13 శ్రుతుల (స్వరాల మధ్య సూక్ష్మమైన అంతరాల) ఎడమున్న స్వరాలే సంవాదులు. అంటే షడ్జానికి మధ్యమం, పంచమం. హార్మనీలో వివాదులకూ, అంటే ఒకదానితో ఒకటి పొసగని స్వరాలకూ చోటుంది కదా!

నల్లమెట్టు: చోటుండటమేమిటండీ, గుండె పట్టేసేది వాటి దగ్గరే. ముందు పని చూసి తర్వాత పేరు పెడదాం.

పియానో స్వరాల పేర్లు సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి. మధ్య సి పైనున్న ఇ మెట్టు నొక్కి అలాగే పట్టుకోండి. సి షడ్జం అనుకుంటే అది అంతర గాంధారం. ఎడమ చేత్తో కింద సి, జి వేస్తే ఆ ఇ ఇంట్లో కూర్చున్నట్టు నిశ్చింతగా ఉంటుంది. ఎడమ చేయి ఎ, సికి మారిస్తే అదే ఇ మీద నీడ పడుతుంది. ఎఫ్, ఎ, సి వేస్తే తీపిగా, కాస్త దూరంగా వినిపిస్తుంది. ఎఫ్ షార్ప్, ఎ, సి వేస్తే ఇక అక్కడ నిలవలేదు, ఎటో పోవాలంటుంది. కుడి చేయి కదల్లేదు. ఇలా ఒకేసారి మోగే స్వరాల గుంపును కార్డు అంటారు. సి కార్డులో ఆ ఇ మూడో స్వరం, ఎ మైనర్‌లో ఐదోది, ఎఫ్ మీద ఏడోది. ఒకే మనిషి ఒకింట అల్లుడు, ఇంకో ఇంట మేనమామ అయినట్టు స్వరం ఒకటే, వరుస మారింది.

పియానోకు ఇది మరీ అవసరం. మెట్టు నొక్కాక ఆ స్వరం తగ్గడమే తప్ప పెరగదు, వంగదు, గమకం పలకదు. గొంతులో గమకం చేసే పనిలో కొంత ఇక్కడ కింద కార్డు మారడం చేస్తుంది.

పాటవరుస: అల్లుడి పోలిక బాగుంది గానీ, 'వరుస' అంటే ఇప్పటికే బాణీ. హార్మనీకీ అదే పెడితే ఒక వాక్యంలో రెండు వరుసలై చదివేవాడు తికమకపడతాడు. వివరించడానికి వాడండి, పారిభాషిక పదంగా వద్దు.

ఇంకో మాట. కార్డుల్లో మేజర్, మైనర్ అని రెండు రకాలున్నాయి కదా, మేజర్ అంటే సంతోషం, మైనర్ అంటే దుఃఖం అని వ్యాసంలో ఎక్కడైనా ఉంటే అనువాదంలో గట్టిగా నొక్కకండి. వేగం పెంచి పై స్థాయిలో వాయిస్తే మైనర్ గంతులేస్తుంది, నెమ్మదిగా కింద వాయిస్తే మేజర్ కూడా బరువెక్కుతుంది.

అనువాదశాల: సరే, ఇంకో జంట ఉంది. సస్పెన్షన్, రిజల్యూషన్. 'అనిశ్చితి, పరిష్కారం' అని రాసి కొట్టేశాను.

నల్లమెట్టు: కొట్టేసి మంచి పని చేశారు. తెలుగులో తయారుగా ఉన్న జంట పట్టు, విడుపు. జరిగేది అచ్చంగా అదే.

సి కార్డు మోగుతోంది, అందులో సి ఉంది. తర్వాత కార్డు జి. అందులో సి బదులు బి రావాలి. కింద జి, డి వచ్చేసినా పైన సిని వదలకండి. అది డితో ఒరుసుకుంటుంది. ఇది పట్టు, బలమైన దెబ్బ మీద పడాలి. తర్వాతి బలహీనమైన దెబ్బకు సి ఒక మెట్టు దిగి బి అవుతుంది. ఇది విడుపు, పట్టుకన్నా మెత్తగా వాయించాలి. విడుపును గట్టిగా కొడితే తలుపు మూసినట్టు ఉంటుంది.

ఎక్కువమంది చేసే తప్పు ఏమిటంటే, పట్టు ఉండగానే ఎడమ చేత్తో బి వేసెయ్యడం. రావలసిన స్వరం ముందే వచ్చాక ఇక ఎదురుచూసేదేముంది? రెండో తప్పు పెడల్‌ది, అంటే స్వరాలను మోగుతూ ఉంచడానికి పాదంతో తొక్కేదానిది. కొత్త కార్డు పడిన క్షణంలోనే పాదం ఎత్తి వెంటనే మళ్లీ తొక్కాలి. ఎత్తకపోతే పాత కార్డు కొత్తదానిలో కలిసి ఒరిపిడి కాస్తా రొద అవుతుంది.

నిఘంటుప్రియ: 'ఒరిపిడి' బాగుంది! స్వరాలు ఇలా ఒరుసుకునే డిసొనెన్స్‌కు 'అపస్వరం' అని రాస్తున్నవాళ్లకు ఇది చూపించాలి. అపస్వరం తప్పు, ఒరిపిడి కావాలని పెట్టేది.

నల్లమెట్టు: అవునండీ. అయితే రెండు రకాల ఒరిపిడిని కలపకండి. మధ్య సికి రెండు స్థాయిలు కింద సి, ఇ కలిపి వేస్తే సిద్ధాంతం ప్రకారం పొందికే, చెవికి మాత్రం బురద. ఆ సి సుమారు 65 హెర్ట్‌జ్, ఇ 82. తేడా 17 మాత్రమే కాబట్టి రెండూ విడివిడిగా వినపడకుండా గరగరలాడతాయి. ఇని ఒక స్థాయి పైకి, 165కు జరిపితే తేటపడుతుంది. వ్యాసంలో 'పొందిక' అని రాసిన ప్రతిచోటా స్థాయి కూడా లెక్కలోకి వస్తుంది.

పాటవరుస: ఇంత మథనం ఎందుకు, 'హార్మనీ' అనే ఉంచేయొచ్చు. హార్మోనియం తెలియని తెలుగువాడు లేడు.

నిఘంటుప్రియ: పేరులో ఉంది గానీ, మన దగ్గర ఆ పెట్టె ఎక్కువగా గొంతు వెంబడి బాణీనే వాయిస్తుంది. హార్మోనియం తెలిసినంత మాత్రాన హార్మనీ తెలిసిందనలేం. 'మేళవింపు' చూడండి. వీణ మేళవించడం అంటే తీగల్ని ఒకదానికొకటి కుదర్చడం. సామరస్యంలా ఫలితాన్ని కాక చేతిపనిని చెబుతుంది కాబట్టి ఒరిపిడీ అందులో ఇముడుతుంది. 'మేళం'తో చుట్టరికం ఉన్నా, క్రియ నుంచి వచ్చింది గనుక మేళకర్తల వైపు లాగదు.

అనువాదశాల: అయితే ఇలా రాస్తున్నాను: "బాణీ మాట చెబుతుంది, ఆ మాట ఓదార్పో, బెంగో కింది మేళవింపు తేలుస్తుంది."

నల్లమెట్టు: 'కింది' తీసేయండి. బాణీ ఎడమ చేతిలో, మేళవింపు కుడి చేతిలో ఉండే రచనలూ బోలెడు.