యూదులకు స్వర్గం, నరకం ఉన్నయా లేవా?

హన్మకొండ చౌరస్తా:
వచ్చే వారం ఒక సభల 20 నిమిషాలు మాట్లాడాలె. టాపిక్: చచ్చినంక ఏమైతది అని యూదులు, క్రైస్తవులు, ముస్లింలు ఏమంటరు. క్రైస్తవుల సంగతి ఫాతిమానగర్ల ఫాదర్లను అడుగుత, ముస్లింల సంగతి కాజీపేట దర్గా దిక్కు తెలిసినోళ్లున్నరు. యూదుల కాడనే ఆగిపోయిన. ఒకచోట "వాళ్లకు పరలోకమే లేదు" అని ఉంది, ఇంకోచోట మృతులు లేస్తరని నమ్ముతరట. ఏది నిజం? టేబుల్ గీస్తే గడులు నిండుతలేవు.

మానేరు ఒడ్డు:
రెండూ నిజమే తమ్మీ, కాలాలు వేరు. తోరాలో (మోషే అయిదు పుస్తకాలు) స్వర్గనరకాల వివరం లేదు. ఉన్నది షెయోల్, మన తెలుగు బైబిల్లో పాతాళం అని చదువుతమే, అది. మంచోడైనా చెడ్డోడైనా అక్కడికే, మౌనంగా ఉండుడే. 115వ కీర్తన చూడు: మృతులు యెహోవాను స్తుతించరు. మేల్కొనుడు, నిత్యజీవం అనే మాట స్పష్టంగా వచ్చేది దానియేలు 12:2లో.

యేసు కాలానికి దీని మీద పెద్ద తగాదానే ఉండె. యూదులల్లనే రెండు వర్గాలు: పునరుత్థానం (మృతులు మళ్ల లేచుడు) లేదని సద్దూకయ్యులు, ఉందని పరిసయ్యులు. క్రీ.శ. 70లో యెరూషలేము ఆలయం కూలినంక సద్దూకయ్యులు కనుమరుగైన్రు, పరిసయ్యుల దారినే రబ్బీలు (యూద మతగురువులు) పట్టిన్రు. రబ్బీల ధర్మశాస్త్ర సంకలనం మిష్నాలో (సన్‌హెద్రిన్ 10) పునరుత్థానాన్ని కాదన్నోడికి రాబోయే లోకంలో (హీబ్రూలో ఓలాం హబా) వాటా లేదని రాసేసిన్రు. రోజూ చేసే అమీదా ప్రార్థనలో రెండో దీవెన మృతులను బతికించే దేవుని గురించే. "పాత నిబంధన చదివిన, యూదమతం తెలిసిపోయింది" అనుకునేటోళ్లు తప్పేది ఇక్కడనే.

గ్రంథాలయం మెట్లు:
నరకం గడిలో "గెహిన్నోం" అని రాయండి. యెరూషలేము పక్కనున్న హిన్నోము లోయ పేరే అది. గ్రీకులో గెహెన్నా, అరబీలో జహన్నం కూడా ఆ పేరుతో ముడిపడినవే. పేరు ఒకటైనంత మాత్రాన సంగతి ఒకటి కాదు. మిష్నా ప్రకారం దుష్టులకు అక్కడ తీర్పు 12 నెలలు. మిష్నా మీది చర్చల గ్రంథం తాల్ముద్‌లో కొందరు ఘోర పాపులకు మినహాయింపు ఉన్నా, ఎక్కువ మందికి అది శుద్ధి చేసే చోటే. దగ్గరి పోలిక కావాలంటే క్యాథలిక్కుల ఉత్తరించు స్థలం. ప్రొటెస్టెంట్లు దాన్ని ఒప్పుకోరు, ఒకే గడిలో కలపకండి.

ఈ నమ్మకం ఆచారంలో ఎట్లా పనిచేస్తుందో చెప్తే సభలో వెంటనే అర్థమవుతుంది. తల్లిదండ్రి పోతే కొడుకు కద్దీష్ అనే ప్రార్థన చదివేది 11 నెలలే. పూర్తిగా 12 చదివితే "మా నాయన దుష్టుడు" అని ఒప్పుకున్నట్టు! పది మంది కూడితేనే చదవాలి. అందులో చావు ఊసే ఉండదు, అంతా దేవుని స్తుతి. కాబట్టి మన మాసికాలతో పోల్చే ముందు ఆగండి, పిండం లాంటిదేమీ అక్కడ లేదు.

హన్మకొండ చౌరస్తా:
మరి "ఓలాం హబా" అంటే స్వర్గమేనా అన్నా?

మానేరు ఒడ్డు:
అట్ల ఒక్క మాటల తేల్చకు. 12వ శతాబ్దపు యూద తత్వవేత్త మైమోనిడీస్ లెక్కల అది దేహంలేని ఆత్మల స్థితి, తిండి లేదు తాగుడు లేదు. మళ్ల ఆయన చెప్పిన 13 మూలసూత్రాలల్ల చివరిది మృతుల పునరుత్థానమే! ఈ రెండూ ఎట్ల కుదురుతయని అప్పుడే గొడవైతే, 1191లో విడిగా ఒక గ్రంథమే రాసిండు. ఆయన తర్వాతి యూద పండితుడు నఖ్మనిడీస్ మాత్రం లేచిన దేహంతోనే ఆ లోకం అన్నడు. పునర్జన్మను 10వ శతాబ్దంల యూద పండితుడు సాదియా గావోన్ కొట్టిపారేస్తే, 16వ శతాబ్దంల గలిలయలోని సఫేదు ఊరి కబ్బాలా (యూద మార్మిక సంప్రదాయం) గురువులు గిల్గుల్ పేరుతో దాన్నే నెత్తిన పెట్టుకున్నరు. అమెరికాల రిఫార్మ్ (యూదమత సంస్కరణ శాఖ) రబ్బీలు 1885 పిట్స్‌బర్గ్ ప్రకటనల దేహ పునరుత్థానమే వద్దన్నరు.

గ్రంథాలయం మెట్లు:
టేబుల్లో "స్వర్గం", "నరకం" నిలువు గళ్లు తీసేయండి. దేహం లేస్తుందా, శిక్ష ఎన్నాళ్లు, ఇతర మతస్థుల గతేంటి అని మూడు పెట్టండి. మూడోదాంట్లో యూదులకు జవాబు తేలిక: నోవహుకిచ్చిన 7 ఆజ్ఞలు పాటించే నీతిమంతుడికి మతం మారకుండానే రాబోయే లోకంలో వాటా ఉంది. రెండోదాంట్లో ఇస్లాం దగ్గర "శాశ్వతం" అని రాసి వదిలేయొద్దు. పాపం చేసిన విశ్వాసి చివరికి జహన్నం నుంచి బయటపడతాడనేది సున్నీల ప్రధాన అభిప్రాయం. చనిపోయినప్పటి నుంచి ఖయామత్ (తీర్పు దినం) దాకా ఉండే మధ్య స్థితి అయిన బర్జఖ్‌కు మాత్రం విడిగా ఒక వరుస కావాలి.