లండన్‌లో మూడు వారాల కమ్యూనికేషన్ కోర్సు: వీసా, డబ్బు లెక్క, క్రెడిట్లు, కెమెరా

డిగ్రీరెండోఏడు:
హన్మకొండలో బీఏ మాస్ కమ్యూనికేషన్ రెండో ఏడు చదువుతున్నాను. లండన్‌లోని ఒక యూనివర్సిటీ జులైలో పెట్టే 3 వారాల వేసవి కోర్సుకి ఆఫర్ లెటర్ వచ్చింది. పొద్దున మీడియా థియరీ, మధ్యాహ్నం వీడియో ప్రాక్టికల్. లెటర్ చివర "మూడో వారం ఒక మీడియా సంస్థలో ప్లేస్‌మెంట్" అని ఉంది. కన్సల్టెన్సీ వాళ్లు స్టూడెంట్ వీసా అంటున్నారు, సీనియర్లు విజిటర్ వీసా చాలంటున్నారు. నాన్నది వ్యవసాయం, ఐటీ రిటర్నులు లేవు. ఖర్చు మొత్తం 5 లక్షల లోపే. ఈ క్రెడిట్లు మా కాలేజీలో కలుస్తాయా? సొంత కెమెరా తీసుకెళ్లొచ్చా? అన్నలూ అక్కలూ, కాస్త చెప్పండి.

వీసాఫైలు:
చెల్లీ, మూడు వారాల కోర్సుకి స్టాండర్డ్ విజిటర్ వీసా సరిపోతుంది. 6 నెలల లోపు చదువుకి అది చాలు, కాకపోతే కోర్సు పెట్టేది బ్రిటన్ గుర్తింపు ఉన్న సంస్థ అయి ఉండాలి. యూనివర్సిటీ కాబట్టి నీకు ఆ బెంగ లేదు. వీసా ఫీజు 2025 ఏప్రిల్‌లో 127 పౌండ్లు చేశారు. కట్టే ముందు బ్రిటన్ ప్రభుత్వ సైట్‌లో ఇప్పటి రేటు చూసుకో. 6 నెలల లోపు ఉండేవాళ్లకి టీబీ పరీక్ష అక్కర్లేదు, హెల్త్ సర్‌చార్జీ (అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం కట్టించుకునే రుసుము) ఉండదు. ఈ రెండింటి పేరుతో ఎవరు డబ్బు అడిగినా ఇవ్వొద్దు.

అసలు చిక్కు ఆ "ప్లేస్‌మెంట్" అన్న మాటతోనే. విజిటర్ వీసా మీద ఇంటర్న్‌షిప్ గానీ, వర్క్ ప్లేస్‌మెంట్ గానీ చేయకూడదు. జీతం లేకపోయినా కుదరదు. అక్కడి పత్రికకో చానల్‌కో రాసి డబ్బు తీసుకోవడమూ కుదరదు. ఫైలు చూసే అధికారికి ఆ లెటర్‌లో మొదట కనపడేది ఆ వాక్యమే. అందుకే ఈరోజే కోర్సు ఆఫీసుకి మెయిల్ పెట్టి రెండు విషయాలు అడుగు. మూడో వారంలో విద్యార్థులు పని చేస్తారా, లేక టీచరు వెంట వెళ్లి చూసి వస్తారా? చూసి రావడమే అయితే ఆ మాట స్పష్టంగా రాసి కొత్త లెటర్ ఇమ్మను. నిజంగానే పని చేయించేదైతే, అది లేకుండా కోర్సు పూర్తి చేసే దారి ఉందేమో కనుక్కో. లేదంటే వేరే కోర్సు చూసుకోవడమే మేలు. అప్లికేషన్‌లో ఆ సంగతి దాచిపెట్టడం మాత్రం అస్సలు వద్దు. అబద్ధం అని తేలితే ఏళ్ల తరబడి వీసా రాదు.

ప్రయాణానికి 3 నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. హైదరాబాద్‌లో వీసా దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ కేంద్రంలో వేలిముద్రలు ఇచ్చాక మామూలుగా 3 వారాలు పడుతుంది. వేసవిలో రద్దీ ఎక్కువ, కాబట్టి జులై కోర్సుకి ఏప్రిల్ నెలాఖరుకే ఫైలు వేసెయ్. రిజెక్ట్ అయితే ఫీజు తిరిగి రాదు. మళ్లీ మొదటి నుంచీ పెట్టుకోవాలి.

పద్దుపుస్తకం:
డబ్బు సంగతి నేను చెప్తానమ్మా. బ్యాంకులో ఇంత ఉండాలి అని విజిటర్ వీసాకి గీత ఏమీ లేదు. ఉన్న డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో కనపడాలి, అంతే. ఎక్కువ మంది దెబ్బ తినేది ఇక్కడే. ఏడాదంతా ఖాతాలో 20 వేలు దాటదు, దరఖాస్తుకి వారం ముందు ఒకేసారి 4 లక్షలు పడతాయి. చుట్టాల దగ్గర చేబదులు తెచ్చి చూపించారని అధికారి అనుకుంటాడు.

వ్యవసాయ కుటుంబానికి రిటర్నులు లేకపోవడం తప్పేం కాదు. పత్తో మిర్చో అమ్మినప్పుడు మార్కెట్‌లో ఇచ్చిన తక్‌పట్టీలు, పట్టాదారు పాస్‌పుస్తకం, ఆ డబ్బు ఖాతాలో పడిన బ్యాంకు స్టేట్‌మెంటు (6 నెలలది) మూడూ ఒకచోట పెట్టండి. తక్‌పట్టీ మీది తేదీ, మొత్తం స్టేట్‌మెంటులో జమతో సరిపోవాలి. కమిషన్, హమాలీ కోసుకుని తక్కువ జమైతే ఆ తేడా ఎంతో, ఎందుకో కవరింగ్ లెటర్‌లో ఒక వాక్యం రాయండి. చీటీ పాడిన డబ్బైతే చిట్టీ కంపెనీ రసీదు జతచేయండి. బంధువులు ఇచ్చిందైతే ఇచ్చినవాళ్ల లెటరూ, వాళ్ల స్టేట్‌మెంటూ కూడా పెట్టండి.

తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లిష్ అనువాదం కావాలి. అనువాదం కింద "ఇది అసలు పత్రానికి సరైన అనువాదం" అన్న ధ్రువీకరణ, తేదీ, అనువదించినవారి పూర్తి పేరు, సంతకం, ఫోన్ లేదా మెయిల్ ఉండాలి. వీటిలో ఏది లోపించినా ఆ కాగితాన్ని పక్కన పెట్టేయొచ్చు.

ఫీజు బ్యాంకు ద్వారానే పంపండి. పాన్ కార్డు, ఏ2 ఫారం (విదేశాలకి డబ్బు పంపేటప్పుడు బ్యాంకులో నింపేది), ఆఫర్ లెటర్, ఇన్వాయిస్ అడుగుతారు. ఒక పాన్ మీద ఏడాదికి 10 లక్షల వరకు విదేశాలకి పంపే డబ్బుపై టీసీఎస్ (బ్యాంకు ముందే వసూలు చేసే పన్ను) లేదు, కాబట్టి మీ 5 లక్షలకి అది పడదు. ఫారంలో చదువు కోసం అని రాయించండి. ఇన్వాయిస్ మీదున్న రిఫరెన్స్ నంబరు రిమార్కుల్లో లేకపోతే యూనివర్సిటీకి డబ్బు చేరుతుంది గానీ నీ పేరు మీద జమ కాదు. సీటు గడువు దాటిపోవడానికి ఇదొక్కటి చాలు.

పరీక్షలవిభాగం:
క్రెడిట్ల గురించి వెళ్లే ముందే అడగాలి, వచ్చాక కాదు. బ్రిటన్‌లో 15 క్రెడిట్లంటే మన 15 క్రెడిట్లు కాదు. అక్కడ ఒక క్రెడిట్‌కి 10 గంటల పని లెక్క. అందులో చదువుకోవడం, అసైన్‌మెంట్లు, పరీక్ష అన్నీ కలిసి ఉంటాయి. ఆ 15 యూరప్ దేశాల ఈసీటీఎస్ అనే క్రెడిట్ లెక్కలో 7.5. మన యూజీసీ పద్ధతిలో థియరీకి సెమిస్టర్‌లో 15 గంటల బోధన ఒక క్రెడిట్, ప్రాక్టికల్‌కి 30 గంటలు ఒకటి. అంటే మీ హెచ్‌వోడీకి కావాల్సింది అక్కడి క్రెడిట్ల అంకె కాదు, బోధన గంటలు. లెక్చర్లు ఎన్ని గంటలు, ప్రాక్టికల్ ఎన్ని గంటలు అని విడివిడిగా ఉన్న సిలబస్ తెప్పించు. ఉదాహరణకి 30 గంటల థియరీ, 30 గంటల ప్రాక్టికల్ అయితే మన లెక్కలో 2, 1 కలిపి 3 క్రెడిట్లు అడగొచ్చు. ఇవ్వడం, ఇవ్వకపోవడం కాలేజీ ఇష్టం. అటానమస్ కాలేజీ అయితే బోర్డ్ ఆఫ్ స్టడీస్ (సిలబస్ ఖరారు చేసే కమిటీ) దాకా వెళ్లాల్సి రావచ్చు, అందుకే రాతపూర్వకంగా ఒప్పించుకుని వెళ్లు.

ఇంకో మాట. కొన్ని వేసవి కోర్సుల్లో ఆఖరి పరీక్ష రాయడం మన ఇష్టం. రాయకపోతే హాజరు సర్టిఫికెట్ ఒక్కటే ఇస్తారు, దానితో క్రెడిట్లు రావు. పరీక్ష రాసి, మార్కులున్న ట్రాన్‌స్క్రిప్ట్‌ను యూనివర్సిటీ నుంచి నేరుగా మీ పరీక్షల విభాగం మెయిల్‌కి పంపించు.

కాలేజీ నుంచి బోనఫైడ్ లెటర్ కూడా తీసుకో. మూడో ఏడు తరగతులు ఏ తేదీకి మొదలవుతాయో అందులో రాయించు. నువ్వు తిరిగి వస్తావని నమ్మించడానికి వీసా ఫైల్లో దాన్ని మించిన కాగితం లేదు.

కెమెరాబ్యాగు:
సొంత కెమెరా శుభ్రంగా తీసుకెళ్లొచ్చు. ఎయిర్‌పోర్టులో చెక్-ఇన్‌కి ముందే కస్టమ్స్ వాళ్లని అడిగి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకో. బాడీ, లెన్సుల సీరియల్ నంబర్లు ముందే ఒక కాగితం మీద రాసి ఉంచు. తిరిగి వచ్చేటప్పుడు "అక్కడ కొన్నదేనా" అని ఆపితే ఆ సర్టిఫికెట్ చూపిస్తే చాలు. విడి బ్యాటరీలన్నీ చేతి బ్యాగులోనే పెట్టు, లగేజీలో కుదరదు. వాటి కొసలకి టేపు అంటించు. పవర్ బ్యాంకు 100 వాట్ అవర్ల లోపు ఉండాలి. 20,000 ఎంఏహెచ్‌ది 74 వస్తుంది, పర్వాలేదు. అంకె చెరిగిపోయినది తీసుకెళ్తే సెక్యూరిటీలో ఉంచేసుకుంటారు.

అక్కడా మనలాగే 230 వోల్టులు, 50 హెర్ట్జ్. మూడు చదరపు పిన్నుల అడాప్టర్ ఒక్కటి చాలు, కన్వర్టర్ కొనొద్దు. వీడియో సెకనుకి 25 ఫ్రేములు, షట్టర్ 1/50 సెకను పెట్టు. ఫోన్లు సాధారణంగా 30 ఫ్రేముల మీద ఉంటాయి. అలాగే తీస్తే ట్యూబ్‌లైట్ల కింద బొమ్మ మీద చారలు పాకుతాయి, ఎడిటింగ్‌లో అవి సులువుగా పోవు. ఆడియో 48 కిలోహెర్ట్జ్. ఇంటర్వ్యూ అయ్యాక ఎవర్నీ మాట్లాడనీయకుండా ఆ గది నిశ్శబ్దాన్ని 30 సెకన్లు రికార్డు చేసుకో, కోతల మధ్య అతకడానికి పనికొస్తుంది.

రోడ్డు మీద తీయడానికి అభ్యంతరం లేదు. అండర్‌గ్రౌండ్ స్టేషన్లలో, రాయల్ పార్కుల్లో మాత్రం ముందే అనుమతి తీసుకోవాలి. కానరీ వార్ఫ్ (లండన్‌లో పెద్ద ఆఫీసులుండే ప్రాంతం) లాంటివి చూడటానికి వీధుల్లా ఉన్నా ప్రైవేటు స్థలాలే, ట్రైపాడ్ దింపగానే సెక్యూరిటీ వస్తారు.

డాలస్ఎఫ్1:
పక్క ప్రశ్న అడుగుతున్నా, ఏమనుకోవద్దు. అమెరికాలో ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద ఉన్నాను. మా యూనివర్సిటీయే జూన్‌లో ఇటలీలో 5 వారాల కమ్యూనికేషన్ ప్రోగ్రాం పెట్టింది. ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే విద్యార్థి పత్రం) బాగానే ఉంది, పాస్‌పోర్ట్‌లో వీసా స్టాంపు గడువు మార్చిలో అయిపోయింది. వెళ్లి తిరిగి రావచ్చా?

వీసాఫైలు:
వెళ్లడం కష్టం కాదండీ, తిరిగి రావడమే కష్టం. ఆటోమేటిక్ రీవాలిడేషన్ (గడువు తీరిన స్టాంపుతోనే అమెరికాకి తిరిగి రానిచ్చే వెసులుబాటు) కెనడా, మెక్సికో, పక్క దీవులకి 30 రోజుల లోపు వెళ్లొచ్చేవాళ్లకే. ఇటలీకి వర్తించదు. కొత్త స్టాంపు వేయించుకోకుండా అమెరికా విమానం ఎక్కనివ్వరు. 2025 సెప్టెంబరు నుంచి సొంత దేశంలోనో, నివాసం ఉంటున్న దేశంలోనో ఇంటర్వ్యూకి వెళ్లమంటున్నారు, కాబట్టి రోమ్‌లో వేయించుకుందాం అనుకోవద్దు. ఇటలీ నుంచి హైదరాబాద్ వచ్చి స్టాంపింగ్ చేయించుకుని ఫాల్ తరగతులకి చేరగలరా అని ముందు లెక్కేసుకోండి. ఇంటర్వ్యూ స్లాటు చేతిలో లేకుండా ప్రోగ్రాం ఫీజు కట్టకండి.

ఇటలీ వెళ్లడానికి కావాల్సిన షెంజెన్ వీసా (చాలా యూరప్ దేశాల ఉమ్మడి వీసా) మీరు ఉండే రాష్ట్రానికి చెందిన ఇటలీ కాన్సులేట్ పరిధిలోనే పెట్టాలి. 6 నెలల ముందు నుంచి పెట్టొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. ఐ-20 మీద ప్రయాణ సంతకం ఏడాది లోపుది ఉండాలి, యూనివర్సిటీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌వో దగ్గర చూపించుకోండి.

డిగ్రీరెండోఏడు:
కోర్సు ఆఫీసు నుంచి జవాబొచ్చింది. మూడో వారం స్టూడియో సందర్శన మాత్రమేనట, లెటర్ మార్చి ఇస్తామన్నారు. పాత లెటర్ కూడా ఫైల్లో పెట్టాలా?

వీసాఫైలు:
అక్కర్లేదమ్మా, కొత్తది ఒక్కటే పెట్టు. కోర్సు తేదీలు, కట్టిన ఫీజు, ఉండే హాస్టల్ చిరునామా ఆ కొత్త లెటర్‌లో ఉన్నాయో లేదో చూసుకో. పేరు పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరుతో సహా ఎలా ఉందో అక్షరం పొల్లుపోకుండా అలాగే ఉండాలి.