నవ, దద్దుర్లు, ఎగ్జిమా: ఎవరికి ఏది పడటం లేదో ఎలా పట్టుకోవాలి?

పల్లెక్లినిక్_చిత్తూరు:

అందరికీ నమస్కారం. చిత్తూరు చుట్టుపక్కల విలేజ్ హెల్త్ క్లినిక్కుల్లో పనిచేసేవాళ్ళకి ఉపయోగపడేలా చెప్పండి. మామిడి కోతలు మొదలైన దగ్గర్నుంచి వానాకాలం పోయేదాకా ఓపీలో ఒకటే మాట, 'ఒళ్ళంతా నవ'. కోత కూలీలు, పల్ప్ ఫ్యాక్టరీలో కాయలు చెక్కే ఆడవాళ్ళు, కలుపు తీసేవాళ్ళు, మేస్త్రీలు, పూలు కట్టేవాళ్ళు, ఎవరొచ్చినా సిట్రిజిన్ ఇచ్చి, వంకాయ, చేపలు, గుడ్డు మానేయమని పంపడమే జరుగుతోంది. కొందరికి తగ్గుతుంది, చాలామంది తిరిగొస్తారు. ల్యాబ్ లేకుండా, కంటితో చూసి, నాలుగు ప్రశ్నలడిగి కారణం దగ్గరిదాకా వెళ్ళడం ఎలా? ఏ కేసుని మన దగ్గర ఉంచుకోకుండా పైకి పంపాలి?

చర్మవైద్యం_తిరుపతి:

నమస్తే అండీ. మందు రాసే ముందు ఒకటి తేల్చుకోండి: అది దద్దురా, ఎగ్జిమానా? నవ రెండింటికీ ఉంటుంది గానీ, కారణం వేరు, మందు వేరు.

దద్దురు దోమ కుట్టినట్టు ఉబ్బుతుంది. పొట్టు రాలదు, నీరు కారదు. ఒక దద్దురు చుట్టూ బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కనే టైము రాసి, మర్నాడు రమ్మనండి. 24 గంటల్లోపు ఆ గీతలో ఏమీ మిగలకుండా పోయి ఇంకోచోట లేస్తే అది అర్టికేరియా. అక్కడే ఉండిపోయి, నవకన్నా మంట, నొప్పి ఎక్కువై, కమిలిన మచ్చ వదిలితే రక్తనాళాల వాపు కావచ్చు, పెద్దాసుపత్రికి పంపండి.

ఎగ్జిమా అలా తిరగదు. వచ్చినచోటే రోజుల తరబడి ఉంటుంది. మొదట ఎరుపు, సన్నటి నీటిపొక్కులు, చెమ్మ. తర్వాత పొట్టు, పగుళ్ళు. పాతబడితే చర్మం మందమై నల్లబడుతుంది. దీనికి సిట్రిజిన్ ఇస్తే మత్తుకి నిద్రపడుతుంది తప్ప జబ్బు తగ్గదు. మీ దగ్గరికి తిరిగొచ్చేవాళ్ళలో ఎక్కువమంది వీళ్ళే అయ్యుంటారు.

ఏదో వస్తువు తగిలి వచ్చే ఎలర్జీ ఎగ్జిమా ఆలస్యంగా పైకి తేలుతుంది. ఒంట్లో ఆ వ్యతిరేకత తయారవడానికి మొదటిసారి 10 నుంచి 14 రోజులు పడుతుంది. ఒకసారి తయారయ్యాక, ఆ వస్తువు ఎప్పుడు తగిలినా ఒకటి నుంచి మూడు రోజుల్లో బయటపడుతుంది. కాబట్టి 'నిన్న ఏం తిన్నావు?' అని కాకుండా 'మూడు నాలుగు రోజులుగా చేతికి, ముఖానికి ఏం తగిలింది?' అని అడగండి. 'పదేళ్ళుగా ఇదే రంగు వేసుకుంటున్నా, ఇప్పుడెందుకు పడదు?' అంటారు. ఏళ్ళు వాడాక కూడా మొదలవుతుంది, ఆ మాట నమ్మి ఆ వస్తువుని అనుమానం నుంచి తప్పించకండి.

ఇక పథ్యం. తిండి పడకపోతే తిన్న నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లో దద్దుర్లు లేస్తాయి, అదీ తిన్న ప్రతిసారీ. ఆరు వారాలు దాటి దాదాపు రోజూ వచ్చే దద్దుర్లకి తిండి కారణం కావడం చాలా అరుదు. రుజువు లేకుండా పిల్లలకి, బాలింతలకి గుడ్డు, చేప మాన్పించడం వాళ్ళకి నష్టమే. దానికి బదులు మాత్రల గురించి అడగండి. ఒళ్ళునొప్పులకి వేసుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్, ఆస్ప్రిన్ దద్దుర్లని రెచ్చగొడతాయి, పారాసిటమాల్‌కి మార్చండి. బీపీకి ఎనలాప్రిల్, రామిప్రిల్ వాడేవాళ్ళకి దద్దుర్లేమీ లేకుండా పెదవులు, నాలుక వాచితే, దానికి కారణం ఆ మాత్రే కావచ్చు. అది ఆపించి వెంటనే పంపాలి. ఆ వాపుకి సిట్రిజిన్, స్టెరాయిడ్ సరిగా పనిచేయవు.

దద్దుర్లతోపాటు గొంతు పట్టేసినా, గొంతు మారినా, పిల్లికూతలు వచ్చినా, బీపీ పడిపోయినా ముందు అడ్రినలిన్. 1:1000 మందు పెద్దలకి 0.5 మి.లీ., 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి 0.3, అంతకన్నా చిన్నవాళ్ళకి 0.15, తొడ మధ్యభాగంలో బయటివైపు కండకి. పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టండి, ఊపిరి ఆడకపోతే కూర్చోనివ్వండి. 5 నిమిషాల్లో తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వచ్చు. ఏవిల్ (ఎలర్జీ సూది), హైడ్రోకార్టిసోన్ (స్టెరాయిడ్ సూది) తర్వాత. వాటితో మొదలుపెట్టి అడ్రినలిన్ ఆలస్యం చేయడమే ప్రాణం మీదికి తెస్తుంది. 108కి ఒకరు ఫోన్ చేస్తుండగానే ఇంకొకరు సూది వేయాలి.

ఎగ్జిమాలో మీకు అన్నిటికన్నా సాయం చేసేది అది ఎక్కడ వచ్చిందన్నది. కుడిచేతివాటం మనిషికి ఎడమచేతి బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఈ మూడింటి కొనలే పగిలి పొట్టు లేస్తుంటే వెల్లుల్లి అనుమానించండి. పాయని పట్టుకునేది ఆ వేళ్ళే, కత్తి పట్టుకున్న చెయ్యి బాగానే ఉంటుంది. చెవితమ్మె, మెడచుట్టూ, బొడ్డు కింద జీన్స్ గుండీ తగిలేచోట వస్తే నికెల్. చెమటకి అది లోహంలోంచి కరిగి వస్తుంది కాబట్టి ఎండాకాలం ఎక్కువ. గిల్టు నగకి లోపలివైపు రంగులేని గోళ్ళరంగు పూయడం కొన్నాళ్ళే ఆగుతుంది. కనురెప్పలు వాచి, చెవుల పైన, మెడ వెనక పొక్కులుంటే జుట్టురంగు, అందులోని పారాఫినైలిన్‌డయామిన్. 'హెన్నా' అని రాసిన నల్ల పొడుల్లోనూ ఇది కలుస్తుంది, ప్యాకెట్ వెనక చదవమనండి. నుదుట బొట్టుబిళ్ళంత మేరే నవ, తర్వాత తెల్లమచ్చ వస్తే బిళ్ళ జిగురులోని రసాయనం. ఆ మచ్చ బొల్లి అని బెంబేలు పడతారు. బిళ్ళ మానేస్తే చాలామందిలో ఆ మచ్చ పెరగడం ఆగుతుంది, రంగు తిరిగిరావడానికి మాత్రం నెలలు పట్టచ్చు. పాదాల మీద చెప్పు పట్టీ ఆకారం అచ్చుపడితే రబ్బరు, తోలు.

మేస్త్రీలకి రెండు జబ్బులు కలిసి వస్తాయి. తడి సిమెంటు పీహెచ్ 12, 13 దాకా ఉంటుంది, అది ఎవరి చర్మాన్నయినా కాలుస్తుంది. దాని పైన, సిమెంటులోని క్రోమియం కొందరికే ఎలర్జీ తెస్తుంది. క్రోమియం ఎలర్జీ వచ్చినవాళ్ళకి పని మానినా ఏళ్ళ తరబడి పూర్తిగా పోకపోవచ్చు. కాబట్టి మొదటి పగుళ్ళప్పుడే పొడుగు నైట్రైల్ గ్లవుజులు వేయించాలి. గ్లవుజులోకి సిమెంటు పడితే వెంటనే విప్పి కడగాలి. లోపల తడి సిమెంటు ఉన్న గ్లవుజు, గ్లవుజు లేకపోవడంకన్నా ప్రమాదం.

తోటపని_బంగారుపాళ్యం:

మామిడి సంగతి నేను రాస్తా. తొడిమ తెగినప్పుడు చిమ్మే సొనలో, తొక్కులో ఉన్న రెసార్సినాల్ రసాయనాలు జీడిపిక్క నూనెకి, చాకలివాళ్ళు బట్టలకి గుర్తులు పెట్టే నల్లజీడి రసానికి దగ్గరి చుట్టాలు. మూడూ ఒకే కుటుంబం చెట్లు. జీడి పడనివాళ్ళకి మామిడి సొనా పడకపోవచ్చు. సొన తగిలిన వెంటనే వచ్చే మంట వేరు, అది సొన ఘాటుకి కాలడం. రెండో రోజు, మూడో రోజు లేచే పొక్కులు ఎలర్జీ. పండు కొరికి తినేవాళ్ళకి పెదవుల చుట్టూ మాత్రమే వస్తే తొక్కే కారణం. తొక్క తీసి ముక్కలు కోసి ఇంకొకరు ఇస్తే చాలామంది ఇబ్బంది లేకుండా తింటారు.

సొన ఎక్కువగా చిమ్మేది తొడిమ విరిగిన మొదటి క్షణాల్లోనే. కాయని గుంజకుండా, చిక్కంతో కోసి, తొడిమ ఒక సెంటీమీటరన్నా వదిలితే చిమ్మడం బాగా తగ్గుతుంది. తర్వాత తొడిమ తీసేటప్పుడు కాయని తల్లకిందులుగా, ముఖానికి దూరంగా పట్టుకోవాలి. సొన కారేదాకా అలాగే జాలీ మీద బోర్లా పెట్టాలి. ఇది కాయకీ మంచిది, సొన పడినచోట తొక్క నల్లబడి ధర తగ్గుతుంది. తోతాపురి కాయలు గుట్టలుగా వచ్చే రోజుల్లో ఇంత ఓపిక ఎవరికుంది అంటారు. తొడిమ వదిలి కోయడం వరకైనా అలవాటు చేయించండి.

సొన పడితే పది నిమిషాల్లోపు సబ్బు, ఎక్కువ నీళ్ళు. గోళ్ళ కింద తప్పకుండా. గోళ్ళలో మిగిలిన సొనే రాత్రి కళ్ళకి, మెడకి చేరేది. కిరసనాయిలుతో తుడవడం మాన్పించండి, అది ఉన్న చర్మాన్ని ఇంకా పాడుచేస్తుంది. పొడుగుచేతుల చొక్కా రోజూ ఉతకాలి.

కలుపు తీసేవాళ్ళకి ముఖ్య శత్రువు వయ్యారిభామ, అదే కాంగ్రెస్ గడ్డి. పార్థెనిన్ అనే పదార్థం ఆకులో, కాండం మీది నూగులో ఉంటుంది. చెట్టు ఎండిపోయినా ఆ దుమ్ములో ఉంటుంది. పీకేవాళ్ళకి చేతులకీ, గట్టు పక్కన నడిచిపోయేవాళ్ళకి గాలిలో ముఖానికీ తగులుతుంది. పూత రాకముందే, వాన పడిన మర్నాడు నేల మెత్తగా ఉన్నప్పుడు వేరుతో పీకాలి. గ్లవుజులు, ముఖానికి గుడ్డ, కాళ్ళు కప్పే బట్టలు ఉండాలి. ఎలర్జీ ఉన్న మనిషిని మాత్రం ఆ పనికి పంపకండి, గుడ్డ కట్టుకున్నా సరే. పంట లేని బంజరులో 20 శాతం ఉప్పునీళ్ళు, అంటే 10 లీటర్ల నీళ్ళకి 2 కిలోల ఉప్పు, ఎండ ఉన్నప్పుడు ఆకులు తడిసేలా కొడితే మాడిపోతుంది. చేలో వద్దు, నేల చెడుతుంది.

చర్మవైద్యం_తిరుపతి:

వయ్యారిభామ కేసుని ఎండ ఎలర్జీ అని పొరపాటు పడతారు, ఎందుకంటే రెండూ ముఖం, మెడ, చేతుల మీదే వస్తాయి. తేడా చూడాల్సినవి మూడు చోట్లు: పై కనురెప్పలు, గదమ కింద, చెవి వెనక. ఎండ అంతగా పడని ఈ చోట్ల కూడా ఉంటే గాలిలో వచ్చిన దుమ్మే కారణం. మోచేతి మడతలు, మోకాలి వెనక కూడా పట్టి ఉంటుంది. ఏళ్ళు గడిస్తే నిజంగానే ఎండా పడకుండా పోతుంది, కాబట్టి త్వరగా పట్టుకోవాలి. చామంతి కూడా అదే కుటుంబం. పూలు కట్టేవాళ్ళకి వేళ్ళకొనలు, కనురెప్పలు నవ పెడితే చామంతులు కట్టని వారంలో తగ్గుతుందా అని అడగండి. మల్లెలు, కనకాంబరాలకి మార్చుకుంటే బతుకుతెరువు పోకుండా సర్దుకోవచ్చు.

మందులషాపు_ఫార్మసీ:

పూతమందుల గురించి రెండు ముక్కలు. క్లోబెటసాల్ అనే బలమైన స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ మూడూ కలిపిన ట్యూబులు చీటీ లేకుండా అమ్మకూడదు, అయినా జనం పేరు చెప్పి అడుగుతారు. తామర మీద పూస్తే రెండు రోజులు నవ పోతుంది. ఫంగస్ లోపల పాకుతుంది, గుండ్రటి అంచు చెరిగిపోయి డాక్టరు కూడా పోల్చలేని రూపానికి వస్తుంది. గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి, అవి పోవు. నియోమైసిన్ ఉన్న పూతలు, నవ తగ్గించే డైఫెన్‌హైడ్రమిన్ పూతలు తమంతట తామే ఎలర్జీ తెస్తాయి.

డాక్టరు స్టెరాయిడ్ రాస్తే కొలత ఇది: పెద్దవాళ్ళ చూపుడువేలి కొననుంచి మొదటి గీతదాకా ట్యూబు పిండితే అర గ్రాము. అది వేళ్ళతో సహా రెండు అరచేతులంత మేరకి సరిపోతుంది. ముఖానికి 1 శాతం హైడ్రోకార్టిసోన్, అదీ ఐదారు రోజులే. క్లోబెటసాల్ మందమైన అరచేతులకి, అరికాళ్ళకి, రెండు వారాలు మించకుండా. స్నానం చేసిన మూడు నిమిషాల్లో తడి ఆరకముందే తెల్ల వ్యాసలిన్ రాసుకోవడం ఎగ్జిమాకి సగం వైద్యం. వేపాకు పసుపు ముద్ద, నిమ్మరసం, నీళ్ళు కలపని డెట్టాల్ ఎగ్జిమా మీద వద్దు.

సిట్రిజిన్ 10 మి.గ్రా. రాత్రిపూట. ఆటో, లారీ నడిపేవాళ్ళకి ఫెక్సోఫెనాడిన్ నయం. రోజూ వచ్చే దద్దుర్లకి లేచినప్పుడు ఒకటి వేసుకోవడం కాదు, రోజూ వేసుకోవాలి. తగ్గకపోతే డాక్టరు నాలుగు రెట్ల దాకా పెంచుతారు, సొంతంగా పెంచకూడదు.

పల్లెక్లినిక్_చిత్తూరు:

చాలా ఉపయోగం అండీ. ఇంకో రెండు అనుమానాలు. తిరుమలలో తలనీలాలు ఇచ్చి వచ్చినవాళ్ళకి గుండు మీద గంధం పూశాక పొక్కులు వస్తున్నాయి, అది ఎలర్జీయేనా? రక్తపరీక్షలో 'ఎలర్జీ ప్యానెల్' చేయించుకొని పొడుగు లిస్టుతో వచ్చేవాళ్ళకి ఏం చెప్పాలి?

చర్మవైద్యం_తిరుపతి:

గుండు గీసిన చర్మం మీద కంటికి కనబడని కోతలుంటాయి. సెంటు కలిపిన గంధంపొడి వాటిమీద పడితే అప్పటికప్పుడు మండుతుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. అది ఎలర్జీ కాదు. రెండో రోజు తర్వాత నవ పెరిగి, పొక్కులు గంధం కారిన చెవుల వెనక్కి, నుదుటికి పాకితే ఎలర్జీ అనుకోవచ్చు. వెంట్రుక మొదట్లో చీము ఉంటే అది ఇన్‌ఫెక్షన్. సాన మీద చెక్క అరగదీసిన గంధం, లేదా ఒట్టి కొబ్బరినూనె చాలు. పసిబిడ్డలకి రెడీమేడ్ పొడి వద్దు.

రక్తంలో ఐజీఈ అనే యాంటీబాడీని చూసే ప్యానెల్, ఏదో తగిలి వచ్చే ఎగ్జిమా కారణాన్ని పట్టుకోలేదు, అది వెంటనే బయటపడే వేరే రకం ఎలర్జీకి. లిస్టులో పాజిటివ్ అని వచ్చిన పదార్థం ఏ ఇబ్బందీ లేకుండా తింటుంటే మాన్పించకండి. ఎగ్జిమాకి సరైనది ప్యాచ్ టెస్ట్: వీపు మీద చిన్న గిన్నెల్లో పదార్థాలు పెట్టి 48 గంటలు ఉంచి, తీసినప్పుడు ఒకసారి, 72 నుంచి 96 గంటలకి ఇంకోసారి చూస్తారు. రెండోసారి రాకపోతే సగం ఫలితమే దొరికినట్టు. అన్నాళ్ళూ వీపు తడవకూడదు, చెమట పట్టకూడదు, కాబట్టి కోతల సీజన్లో, మే ఎండల్లో పంపకండి. వారం ముందు నుంచి వీపు మీద స్టెరాయిడ్ పూయకూడదు. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే ముందే చెప్పాలి. సిట్రిజిన్ ఆపక్కర్లేదు. తిరుపతి రుయా ఆసుపత్రిలో చర్మవ్యాధుల ఓపీ ఉంది, టెస్టు ఏ రోజుల్లో పెడతారో కనుక్కుని పంపండి.

కొత్త క్రీము, పౌడరు లాంటివి ఇంట్లోనే చూసుకోవచ్చు: మోచేతి మడతలో రూపాయి బిళ్ళంత మేర రోజుకి రెండుసార్లు, ఏడు రోజులు రాయాలి. సబ్బు, షాంపూ, సిమెంటు, సొన ఇలా పరీక్షించకూడదు, కాలుతుంది. జుట్టురంగుకి ప్యాకెట్‌లో రాసినట్టు 48 గంటల ముందు చూసుకోవాలి. ఒకసారి పడలేదని తేలిన రంగుని మాత్రం ఇంట్లో మళ్ళీ పరీక్షించవద్దు.

తోటపని_బంగారుపాళ్యం:

ఎలర్జీ కాకపోయినా అలా కనిపించేవి రెండు మర్చిపోకండి. వానాకాలంలో లైటుకి వచ్చే సన్నటి నారింజ, నలుపు పురుగు ఒంటిమీద నలిగితే, ఒకటి రెండు రోజులకి చర్మం మీద గీత గీసినట్టు కాలిన పొక్కులు వస్తాయి. మోచేతి మడతలో అయితే రెండువైపులా అచ్చు పడుతుంది. సబ్బునీళ్ళతో కడగాలి. పురుగుని నలపకుండా ఊదేయాలి, పడుకునే చోట లైటు ఆర్పేయాలి. రెండోది గజ్జి: నవ రాత్రిపూట ఎక్కువ, వేళ్ళ సందుల్లో, బొడ్డు చుట్టూ, ఇంట్లో ఇంకొకరికి కూడా. పెర్మెత్రిన్ 5 శాతం మెడ నుంచి అరికాళ్ళ దాకా రాత్రి రాసి 8 నుంచి 14 గంటల తర్వాత కడగాలి, వారం తర్వాత ఇంకొక్కసారి రాయాలి. నవ ఉన్నా లేకున్నా ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి, దుప్పట్లు వేడినీళ్ళలో ఉతకాలి. మందు పనిచేశాక కూడా రెండు మూడు వారాలు నవ ఉంటుందని ముందే చెప్పండి, లేకపోతే తగ్గలేదనుకుని రోజూ పూసుకుని ఎగ్జిమా తెచ్చుకుంటారు.