అప్‌డేట్: అద్దం మీద పాకే తెల్ల పురుగులు ఏమిటో తేలింది

కొత్త మొక్కలు పెట్టాక అక్వేరియం అద్దం మీద సన్నటి తెల్ల పురుగులు కనిపిస్తున్నాయని, అవి ప్రమాదమా అని అడిగాను కదా. మీరు చెప్పినట్టే భూతద్దంతో చూశాను. త్రికోణం లాంటి తల, దాని మీద రెండు కంటిచుక్కలు, మెలికలు తిరగకుండా నున్నగా జారిపోయే నడక. ప్లనేరియా అనే చదునైన పురుగులే. అదే మెలికలు తిరుగుతూ ఈదే డెట్రిటస్ పురుగులైతే (తొట్టిలో చేరే వ్యర్థాలు తినేవి) హాని ఉండేది కాదు. నా టెన్షనంతా రొయ్య పిల్లల గురించే, ప్లనేరియా వాటిని తినేస్తుంది.

గీకి నలిపేయొద్దన్న సలహా చాలా విలువైనది: తెగిన ముక్క కూడా మళ్లీ పూర్తి పురుగవుతుంది! ఫెన్‌బెండజోల్ అనే పురుగుల మందు నత్తలకు ప్రమాదం కాబట్టి వాడలేదు. మేత తగ్గించి, రాత్రిపూట మాంసం ముక్కతో ట్రాప్ పెడుతున్నాను. బాగానే పడుతున్నాయి. రొయ్య పిల్లల్ని వేరే తొట్టిలోకి మార్చాను. అందరికీ థాంక్స్.