డాన్ నది కొత్త మొగ: పిల్లలకు ‘నది మళ్ళీ సహజమైంది’ అని చెప్పొచ్చా?

పటాలపిచ్చి:
టొరంటోలో పిల్లలకు తెలుగులో భూగోళం చెప్పేవాళ్ళను అడుగుతున్నా. డాన్ చిన్న నది, పొడవు 38 కిలోమీటర్లు. ఉత్తరాన హిమానీనదాలు వదిలిపోయిన ఇసుక దిబ్బల వరస, ఓక్ రిడ్జెస్, దాని పుట్టిల్లు. తూర్పు పాయ, పడమటి పాయ ఊళ్ళోనే ఒకటై దక్షిణంగా వచ్చి ఒంటారియో సరస్సులో పడతాయి. 2024లో కొత్త మొగలోకి నీళ్ళొచ్చాయి. ఇప్పుడు ఎక్కడ చూసినా ‘నది పాత దారిలో పడింది’ అనే మాటే. నాకది నచ్చదు. పాత మొగ ఆష్‌బ్రిడ్జెస్ బే చిత్తడినేల. గత శతాబ్దంలో దాన్ని పూడ్చి రేవు భూమి చేశారు. ఆ పూడ్చిన నేలను తవ్వి, కలుషితాలు నీళ్ళలో కలవకుండా అడుగున బంకమట్టి పొర పరిచి చేసిన ఏరు ఇది. తవ్వినదాన్ని తవ్వామనే చెప్పాలి.

జమ్ముదుబ్బు:
తవ్వారన్నది నిజమేనండి. కానీ 2021లో ఆ తవ్వకంలోనే, పూడ్చినప్పుడు మట్టి కింద ఉండిపోయిన విత్తనాలకు వెలుతురు తగిలి జమ్ము మొలిచింది. వందేళ్ళ నాటి విత్తనాలు! దాన్నేమంటారు?
అసలు పిల్లలకు చూపించాల్సింది పాత మలుపు. తిన్నగా వచ్చే నదిని కీటింగ్ ఛానల్ అనే తవ్విన కాలువ దగ్గర మూలమట్టంతో గీసినట్టు పడమటికి తిప్పారు. అక్కడ వేగం తగ్గి ఒండ్రు మేట వేస్తుంది, దాన్ని తోడుతూ ఉండాల్సిందే. వరదొస్తే దుంగలూ మంచుగడ్డలూ అక్కడే అడ్డంపడతాయి. ఛానల్‌ను ఇప్పుడూ పూడ్చలేదు. ఛానల్‌కూ కొత్త ఏటికీ మధ్య మిగిలిన నేల దీవి అయింది, పేరు ఊక్వేమిన్ మినిసింగ్.

పటాలపిచ్చి:
మలుపు సంగతి ఒప్పుకుంటా. అయితే మొగ వెడల్పైంది కాబట్టి వరద పోయిందని పిల్లలు అనుకుంటారు. 2013 జులై 8న విమానాశ్రయంలో 126 మిల్లీమీటర్ల వాన పడింది, డాన్ లోయలో ‘గో’ అనే లోకల్ రైలు నీళ్ళలో ఇరుక్కుంది. అది మొగకు ఎగువన. పరీవాహకంలో నేలంతా తారు, కాంక్రీటు, ఇళ్ళ కప్పులు. వాన ఇంకే చోటు తక్కువ. 2024 జులైలో లోయ వెంట పోయే డాన్ వ్యాలీ పార్క్‌వే రోడ్డు మునిగిందీ అందుకే.

గులకరాయి:
మలుపూ వరదా రెండూ ఒకే ట్రేలో చూపించొచ్చు. 60 × 40 సెంటీమీటర్ల ట్రేలో తడి ఇసుక 3 సెంటీమీటర్ల మందాన పరవండి, పది పదకొండు కిలోలు పడుతుంది. పొడి ఇసుకైతే గట్లు జారిపోతాయి. ఎగువ అంచు కింద 2 సెంటీమీటర్ల చెక్క పెట్టండి. వేలితో తిన్నని కాలువ గీసి, చివర్లో ఒక్కసారిగా పక్కకు తిప్పండి. మొదట లీటరు నీళ్ళు సన్నగా పోస్తే మలుపులో మేట కనిపిస్తుంది. రెండో లీటరు పది సెకన్లలో పోయండి, మలుపు దగ్గర గట్టు తెగుతుంది. తర్వాత మలుపు తీసేసి వెడల్పుగా వంకరలు తిప్పి, మళ్ళీ అంతే వేగంగా పోయండి.

జమ్ముదుబ్బు:
బావుంది. ఎగువన ఒకసారి స్పాంజి, ఒకసారి ప్లాస్టిక్ కాగితం పరిచి పోస్తే పటాలపిచ్చి గారి వాదన కూడా తేలుతుంది. స్పాంజి ముందే తడిపి పిండాలి. మరీ ఎండినదైతే నీళ్ళు పైనుంచే జారతాయి.

పటాలపిచ్చి:
ప్లాస్టిక్ అంచులు ఇసుకలోకి దోపండి, లేకపోతే నీళ్ళు దాని కిందికి దూరి కాలువ గట్టును మోసుకుపోతాయి. ‘సహజం’ అన్న మాట మాత్రం నా పాఠంలో రాయను.